‘ర’తో మొదలయ్యే పాట

అబూ హలీఫా,
సోమవారం.

ఏవండీ,

రూతమ్మ వదిన గొంతులో ఈ ఉత్తరం వింటున్న మీకు మీ జాయ్సీ వందనాలు. వదినా, నేను పంపిన ఈ ఉత్తరం ఫొటో పెద్దది చేసుకుని నిదానంగా చదువు. నీ తమ్ముడి చెవిన ఒక్క ముక్క కూడా జారిపోకూడదు.

ఈ రోజు మా మామ్మగారు “నొప్పి” అంది! పేషెంటు నొప్పి అన్నందుకు గెంతులేసిన నర్సు ఈ కువైట్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. బస్సులో వస్తుంటే కూడా నాలో నేనే నవ్వుకుంటున్నాను.

ఫహాహీల్‌లో నేను చూసుకునే జపాను పెద్దావిడ గురించి మీకెప్పుడూ చెప్పలేదు. పేరు టొమికో. నేను మామ్మగారూ అనే పిలుస్తాను. కొడుకు ఇక్కడ చమురు కంపెనీలో ఇంజనీరు. కొడుకునీ, కోడలు మయుమినీ చూసిపోదామని వచ్చిన మనిషికి ఇక్కడే పక్షవాతం వచ్చింది. మీకులాగే కుడిచెయ్యి, మీకులాగే మాట పడిపోయాయి. అన్నీ అర్థమవుతాయి, నోటిదాకా వచ్చిన మాట మాత్రం బయటికి రాదు. ఆ ఇంటికి నాకు డ్యూటీ వేసినప్పుడు వద్దని చెబుదామనుకున్నాను. ఇంట్లో ఉన్న బాధే మళ్లీ డ్యూటీలో కూడానా అని.

శుక్రవారాలు వాళ్ల స్నేహితులు వస్తారు. టీవీకి మైకు తగిలించి కరావోకే పాడతారు. తెరమీద పాట నడుస్తుంటుంది, గొంతు కలపడమే మన పని. అందులో వాళ్లకొక ఆట ఉంది, మన అంత్యాక్షరికి పిన్ని కూతురనుకోండి. ముందు ఒక మాట అనుకుంటారు. అందులో ఎన్ని అక్షరాలుంటే అన్ని పాటలు. ఒక్కో అక్షరంతో ఒక్కో పాట మొదలవ్వాలి. పోయిన నెల ఒకరోజు ‘సకుర’ అనుకున్నారు, అంటే వాళ్ల చెర్రీ పువ్వు. ‘స’కి పాట దొరికింది. ‘కు’కి దొరికింది. ‘ర’ దగ్గర ఇరుక్కుపోయారు. వాళ్ల భాషలో ‘ర’తో మొదలయ్యే మాటలే తక్కువట. అవతలి జట్టు గెలిచేశామని కేకలు పెడుతోంది. అప్పుడు నా పక్కన చక్రాల కుర్చీలోంచి పాట వచ్చిందండీ! సన్నగా, వణుకుతూ, మాటలతో సహా! మొదలు ‘ర’తోనే! మయుమి మైకు కింద పడేసి అత్తగారి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది.

ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ చేసే మలయాళీ అమ్మాయిని అడిగాను. “మెదడులో మాట దారి వేరు, పాట దారి వేరు సిస్టర్. ఒకటి మూసుకుపోయినా రెండోది తెరిచి ఉండొచ్చు. అందరికీ కుదరదు. కానీ రోజూ ప్రయత్నించండి” అంది.

ఇక చూడండి, మయుమీ నేనూ పాటల వేటలో పడ్డాం. వాళ్ల అక్షరాలు నేర్చుకున్నాను. అ, ఇ, ఉ, ఎ, ఒ అట! క, కి, కు, కె, కొ అట! మన గుణింతమే! మంచం మీదున్న మనిషికి పనికొచ్చే మాటలు ముందు ఎంచుకున్నాం. నీళ్లంటే ‘మిజు’. ‘మి’కి పాటలు బోలెడు. ‘జు’కి తల పట్టుకుంటే, మయుమి ఒసాకాలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి ఒక పాత పిల్లల పాట పట్టుకొచ్చింది. నొప్పికి ‘ఇతై’. విడదీస్తే ఇ, త, ఇ. మూడు పాటలు. ప్రతి పాటా ఎత్తుకోవడం, రోజురోజుకీ కుదించుకుంటూ మొదటి అక్షరం దగ్గరే ఆపడం. ఈ పొద్దున మోకాలు పట్టుకుని, పాట లేకుండా, “ఇ… తై” అంది!

ఇప్పుడు మనసులో ఉన్నది చెబుతాను. ఈస్టర్ నాడు వీడియో కాల్‌లో మీరు నా పేరు అనబోయారు. రాలేదు. ఫోను బోర్లా పెట్టేశారు. నల్లబడిన తెర చూసుకుంటూ నేనింకా ఏవండీ, ఏవండీ అంటూనే ఉన్నాను. ఇక్కడ సిగ్నల్ బాగోలేదని వదినతో అంటున్నాను గానీ, సిగ్నల్‌కేం రోగం లేదు. నా మొహం చూడటం మీకిష్టం లేదనుకున్నాను. అందుకే ఈ ఉత్తరాలు.

నరసాపురం చుట్టుపక్కల ఏ పెళ్లికైనా మీ మైకు సెట్టే. రికార్డు వేసిన దానికంటే మీరు పాడిందే ఎక్కువ. ఆ పాటలన్నీ ఎక్కడికి పోతాయి? వదినా, ‘ఆకలి’ అనే మాటతో మొదలుపెట్టు. ‘ఆ’కి ఒకటి, ‘క’కి ఒకటి. ‘లి’కి దొరక్కపోతే లాలిపాట పాడు, జపాను వాళ్లేమీ వచ్చి తప్పు పట్టరు.

మీ
జాయ్సీ


నరసాపురం,
ఆదివారం.

జాయ్సీకి, వదిన రూతమ్మ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. ఫోను సంగతి వచ్చేసరికి వాడు గోడవైపు తిరిగిపోయాడు. అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. ‘ఆ’ పాట ఎత్తుకుంటే కళ్లు మూసుకున్నాడు. ‘క’కి ఫోన్లో పాట పెడితే కట్టెయ్యమని చెయ్యి ఊపాడు. లాలిపాటకైతే, నేనేమన్నా చంటోడినా అన్నట్టు కంచం తోసేశాడు. వారమంతా ఇదే వరస. “ఒరే, పాడకపోతే మానెయ్యి, అన్నం మీద కోపమేంట్రా?” అని నేనే ఏడ్చాను. అప్పుడు ఎడం చేత్తో నా ఫోను లాక్కుని, ఫొటోలు జరుపుకుంటూ పోయి, నీ ఫొటో మీద వేలు పెట్టాడు. తియ్యలేదు.

నీకింకొకటి చెప్పాలి. ఈస్టర్ నాడు వాడు ఫోను బోర్లా పెట్టింది నిన్ను చూడలేక కాదు. ఏడుపొచ్చేసింది. అది నువ్వు చూడకూడదని. నీతో చెప్పొద్దని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

వాడికి కావలసింది నా పాట కాదమ్మాయ్. నువ్వే ఫోన్ చెయ్యి.

రూతమ్మ


ఫహాహీల్,
శుక్రవారం.

ఏవండీ,

ఫోను పెట్టేసి ఇంకా పావుగంట కూడా కాలేదు, ఆత్రంలో అక్షరాలు వంకరపోతే వదిన సర్దుకుంటుంది. అవతల జరిగింది మీకు తెలుసు. ఇవతల జరిగింది కూడా మీరు వినాలి.

వదిన ఉత్తరం చూసుకుని నేను వంటగదిలో కళ్లు తుడుచుకుంటుంటే మయుమి పట్టుకుంది. సంగతి చెప్పాను. ఇంటినిండా స్నేహితులున్నా, “యల్లా సిస్టర్, పద పద, ఇప్పుడే చెయ్యి!” అని నా ఫోను టీవీ ముందు నిలబెట్టి మైకు నా చేతిలో పెట్టింది. మీ మొహం కనబడింది. గడ్డం పెంచారేంటండీ?

మాటలు పక్కన పెట్టేశాను. ‘ఆ’ పాట ఎత్తుకున్నాను. మన పెళ్లి ఊరేగింపులో వాన పడి జనరేటరు ఆగిపోతే, మీరు మైకు లేకుండా పాడారే, అదే. మొదటి లైనుకి మీరు నన్ను చూస్తూ ఊరుకున్నారు. రెండోదానికి పెదవులు కదిలాయి. చరణం నాకు రాదు కదా, నేనాగిపోయాను. మీరు ఆగలేదు! ఆ గొంతు! కాస్త నీరసంగా ఉంది గానీ ఒక్క మాట తప్పిపోలేదు. ఇటు జపాను వాళ్లంతా లేచి నిలబడ్డారు. నేను ఉండబట్టలేక గొంతు కలిపాను. నా శ్రుతి సంగతి మీకు తెలియందా! దానికి తోడు సంబరంలో స్పీకరు పక్కకు పోయానేమో, మైకు కీచుమని కూసింది. మైకు సెట్టు మనిషి ఊరుకుంటాడా?

“ఆపవే!” అన్నారు.

అది పాటలోది కాదు. మాట! మీ సొంత మాట! వదిన చేతిలోంచి గిన్నె పడిన చప్పుడు నాకూ వినబడింది. “మీ ఆయన ఏమన్నారు?” అని మయుమి అడిగింది. “నన్ను నోరు మూసుకోమన్నారు!” అన్నాను. ఒకటే చప్పట్లు. మా మామ్మగారైతే మంచి చేత్తో మోకాలి మీద దరువేసింది.

నా కాంట్రాక్టు ఆగస్టుతో అయిపోతుంది. మీకు చెప్పకుండా ఇంకో రెండేళ్లు ఉంటానని ఒప్పుకున్నాను. మీరు నన్ను చూడటానికి ఇష్టపడనప్పుడు ఇంటికొచ్చి ఏం చెయ్యాలనుకున్నాను. ఇప్పుడే సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, “ఖలాస్ మేడం, నేను ఇంటికెళ్తున్నాను” అన్నాను. ఆవిడ మంచిదే, ఒప్పుకుంది.

ఒక్క మాట వచ్చింది కదాని రేపటికి అన్నీ వచ్చెయ్యవు. మలయాళీ అమ్మాయి ఆ సంగతి ముందే చెప్పింది. ఏళ్లు పట్టొచ్చు, కొన్ని మాటలు అసలు రాకపోవచ్చు. ఏం ఫర్వాలేదు. రోజుకొక మాట అనుకుందాం, అక్షరానికొక పాట వెతుక్కుందాం. మీ శ్రుతిలో మీరు పాడండి, నా శ్రుతిలో నేను పాడతాను. మీరు విసుక్కుని ఆపవే అన్నప్పుడల్లా, ఇంకాస్త గట్టిగా పాడతాను.

వచ్చేస్తున్నాను.

మీ
జాయ్సీ