తాగని కాఫీ

అమారా పట్టణం,
గురువారం

నా ప్రాణంతో సమానమైన జాసిబ్ అన్నయ్యకు,

టీవీలో మైథమ్ ఫొటో చూసి గర్వంతో నీ కళ్ళు చెమర్చాయని రాశావు. ఆ గర్వాన్ని మడిచి పెట్టెలో పెట్టుకో. నా కొడుకు యుద్ధంలో పోయి ఎనిమిదేళ్ళయింది. వాడికి ఇప్పుడు ఉద్యోగం దొరికింది, యుద్ధంలో వాడి దళ నాయకుడైన అబూ కౌసర్ పక్కన నిలబడి ఓట్లు అడుక్కోవడం! కరెంటు స్తంభాల మీద, రొట్టెల కొట్టు మీద, ఆఖరికి ఆడపిల్లల బడి గోడ మీద కూడా పోస్టర్లలో వాళ్ళిద్దరే. సైనిక దుస్తులు విప్పేసి కోటు తొడుక్కుని పళ్ళికిలిస్తూ అబూ కౌసర్, పక్కన వాడి చెయ్యి భుజం మీద మోస్తూ నా బిడ్డ. కింద ‘అమరుల రక్తానికి కాపలాదారు’ అని రాతలు. దొంగ చేతికే తాళాలు!

ఇది ఎలా జరిగిందో ఫోన్‌లో చెప్పలేను, మన ఫోన్లు వినేది అబూ కౌసర్ మనుషులే కదా. మూడు వారాల కిందట ఒక సోమవారం అబూ కౌసర్ తెగ పెద్దల్ని వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు. మీ బావ తన చేత్తోనే కాఫీ పోసి ఇచ్చారు. వాడు తాగకుండా కప్పు తివాచీ మీద పెట్టాడు. అలా పెడితే ఏదో అడగడానికి వచ్చాడని, తాగమన్నామంటే అడిగింది ఇచ్చి తీరాలని మన పసిపిల్లలకు కూడా తెలుసు. “ముందు సంగతేంటో చెప్పు” అనొచ్చు, అనాలి కూడా. ఈయన అనలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, “తాగు అబూ కౌసర్, నువ్వేం అడిగినా ఇచ్చేసినట్టే” అన్నారు. వాడు ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుని అప్పుడు చెప్పాడు: ప్రచారానికి మైథమ్ ఫొటో కావాలట, మా ఇంటి పెద్దగా మీ బావ ఓటు కావాలట. తలుపు వెనక నిలబడి విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే అడిగేశాను. “వంకాయ కొనేటప్పుడు కూడా పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తావే! కొడుకుని ఇచ్చేటప్పుడు చూడక్కర్లేదా?”

“మాట ఇచ్చేశాను సబ్రియా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మగవాళ్ళంతా చేరే దివాణంలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?”

ఆ రోజు నుంచి మా ఇంట్లో కాఫీ పొయ్యి వెలగలేదు. ఆయనతో నాకు మాటలూ లేవు.

అన్నయ్యా, ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. చనిపోయే రోజు పొద్దున్న మైథమ్ ఫోన్ చేశాడు. “అమ్మా, మూడు రోజులైంది మంచినీళ్ళు లేక. అబూ కౌసర్, ఆ సరిహద్దు అవతలి దేశం నుంచి వచ్చిన సైనిక సలహాదారు కలిసి బండెక్కి వెళ్ళిపోయారు. మమ్మల్ని మాత్రం కదలొద్దన్నారు. నాన్నకు చెప్పకమ్మా, ఆయన అబూ కౌసర్ మీద ప్రాణాలు పెట్టుకున్నాడు” అన్నాడు. అదే వాడి ఆఖరి మాట. చెప్పనని ఒట్టేశాను. ఆ ఒట్టు ఇన్నేళ్ళూ నన్ను లోపల్లోపల తినేసింది.

శనివారం అబూ కౌసర్ తన దివాణంలో అమరుల కుటుంబాలకు విందు ఇస్తున్నాడు. నేనూ వెళ్తాను. కాఫీ కప్పు కింద పెట్టడం నాకూ వచ్చు.

నీ చెల్లెలు,
సబ్రియ

* * *

అమారా,
ఎన్నికలయ్యాక మూడో రోజు

నా మనసెరిగిన అన్నయ్యకు,

బతికే ఉన్నాను, కంగారు పడకు.

విందు నాడు ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నేరుగా మగవాళ్ళ మధ్యకు నడిచాను. గుసగుసలు మొదలయ్యాయి. కెమెరాలున్నాయి కదా, అబూ కౌసరే ఎదురొచ్చి కాఫీ అందించాడు. నేను కప్పు కింద పెట్టాను. వాడు కెమెరా వైపు తిరిగి, “తాగమ్మా! మైథమ్ తల్లి అడిగితే నా ప్రాణమైనా ఇస్తాను” అన్నాడు. మీ బావ నమ్మకంతో చేసిన తప్పే వాడు డాబు కోసం చేశాడు.

నేను తాగాను, చుక్క మిగల్చకుండా. అప్పుడు అడిగాను. “నీ ప్రాణం నాకెందుకు నాయనా, నీ దగ్గరే ఉంచుకో. రేపు పొద్దుగూకేలోపు నా కొడుకు ఫొటో ఏ గోడ మీదా ఉండకూడదు.”

వాడు నవ్వేశాడు. “అదేంటమ్మా, వాడు నీ ఒక్కదాని కొడుకా? దేశానికి కొడుకు!”

“దాహమేసినప్పుడు దేశానికి ఫోన్ చేయలేదు, నాకు చేశాడు” అన్నాను. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

మూల కూర్చున్న మా తెగ పెద్ద, ముసలి షేక్, చేతికర్రతో నేల మీద కొట్టాడు. “కాఫీ ఆమె కడుపులోకి పోయింది, అబూ కౌసర్. ఇక మాటలెందుకు?”

మర్నాడు వాడి మనుషులు బ్లేడ్లు పట్టుకొచ్చారు. పోస్టరు మొత్తం చింపితే నాయకుడి మొహం పోతుంది. అందుకని ప్రతి పోస్టరులోనూ నా కొడుకునొక్కడినే గీసి, కోసుకుపోయారు. అన్నయ్యా, ఇప్పుడు వీధివీధినా అబూ కౌసర్ ఒక కన్నం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు! రొట్టెలు కొనడానికి వచ్చిన ప్రతివాడూ “ఇక్కడ ఎవరుండేవాళ్ళు?” అని అడగడం, కొట్టువాడు గొంతు తగ్గించి నా దివాణం కథ చెప్పడం.

అయినా వాడు గెలిచాడు. ఊరు పెద్దది, ఆ కన్నాల కథ తెలిసింది మా పేటకే. కానీ మా బడిలో పెట్టిన పెట్టెలో వాడికి పడ్డవి పదకొండే ఓట్లు. అందులో ఒకటి మీ బావది. సిరా వేలు చూపించి, “మాట ఇచ్చాను, తీర్చేశాను. ఇక వాడికి నేనేం బాకీ లేను” అన్నారు.

నిన్న మధ్యాహ్నం ఆయనే పొయ్యి వెలిగించి, కాఫీ కాచి, ఒక కప్పు నాకిచ్చారు. తన కప్పు మాత్రం తాగకుండా నా ముందు తివాచీ మీద పెట్టారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదీ అలా అడగలేదు.

“తాగమని అనను. ముందు అడుగు” అన్నాను.

“దివాణంలో అన్నావు కదా, దాహమేసి నీకు ఫోన్ చేశాడని. వాడు ఏం చెప్పాడో నాకూ చెప్పు సబ్రియా.”

తప్పంతా ఆయనదేనని ఇన్నాళ్ళూ నిప్పులు కక్కాను. తిప్పి చూడలేదని తిట్టానే గానీ, చూడాల్సింది దాచిపెట్టింది నేనే. మైథమ్ నన్ను క్షమించుగాక, ఒట్టు తెంచుకున్నాను. నీళ్ళ సంగతి, బండి సంగతి, ఆ ఆఖరి మాట, అన్నీ చెప్పాను. ఆయన చల్లారిపోయిన తన కాఫీ తీసుకుని, నెమ్మదిగా, మొత్తం తాగారు.

నీ చెల్లెలు,
మైథమ్ తల్లి సబ్రియ