బేస్తవారం నీళ్లు

మే 1, బేస్తవారం. ఉదయం 4.10

మళ్లీ మెలకువ వచ్చేసింది. అలారం లేదు, ఏమీ లేదు. సూరత్ నవాగామ్‌లో నల్లా ఆరింటికి గాని రాదు. అయినా పందొమ్మిదేళ్లుగా ప్రతి బేస్తవారం నాలుగింటికే కళ్లు తెరుచుకుంటాయి. ఊళ్లో మా బావిలో ఏడిళ్లకు వాటాలు. ఇంటికొక రోజు నీళ్లు. బేస్తవారం నాది. నాలుగింటికి పోయి మోటార్ వేసేవాణ్ణి. ఇక్కడ మోటార్ లేదు, తడపడానికి మడి లేదు. విజయశ్రీ అటు తిరిగి పడుకుంటూ, సూరత్‌ల గూడ నీళ్లు కడ్తవా ఏంది, పండుకోరాదు జర అంది.

మా మరమగ్గాల సేఠ్ దీపావళికి ఇచ్చిన డైరీ ఇది. ఖాళీగా పడి ఉంటే ప్రాణం ఒప్పదు, అందుకే రాస్తున్నాను.

మే 3, శనివారం

లస్మయ్య ఫోన్ చేశాడు. మా పెద్దనాయన కొడుకు. పందొమ్మిదేళ్ల తర్వాత! సచిన్ ఏరియాలో, నేను నడిపే లూమ్‌ల మోత మధ్య ముందు ఎవరో తెలియలేదు. తమ్మీ అన్నాక తెలిసింది.

పాత బావిని బాగు చేస్తారట. సోలార్ మోటార్, పక్కన పెద్ద ట్యాంక్. అవే నీళ్లు పొలాలకు డ్రిప్‌లో, పశువులకు తొట్టిలో, ఇళ్లకు నల్లాలో. బట్టలు ఉతకడానికి బండలు కూడా. ఒకప్పుడు మా బావి ఇవన్నీ చేసింది, అప్పుడు దాన్ని ఎవరూ స్కీమ్ అనలేదు. వానలను నమ్మేటట్టు లేదు తమ్మీ, పడితె ఒక్కనాడే కుండపోత, లేకుంటె నెల దాక సుక్క లేదు అన్నాడు. ఆరుగురు సంతకాలు పెట్టారట. మిగిలింది నేనే. నీ బేస్తవారం ఇయ్యాలె అన్నాడు.

ఊళ్లో ఇల్లు కూలింది. మడి బీడు పడింది. నాదని మిగిలింది ఆ ఒక్క రోజు. అదీ కావాలా వీడికి? ఇయ్య అని ఫోన్ పెట్టేశాను.

మే 4, ఆదివారం

డుమస్ బీచ్‌కు వెళ్లాం. రుచిత టమాటా భజియా తింటూ, పప్పా, బేస్తవారం అంటే గురువార్ కదా, ఒక రోజును ఎట్ల ఇస్తరు అని అడిగింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఎదురుగా అంత సముద్రం, దోసెడు తాగడానికి పనికిరాదు. చెప్పేశాను.

నేను ఊరు విడిచిన ఏడు కరువు. నేను చుట్టాల పెళ్లికి పోయిన బేస్తవారం లస్మయ్య నా నీళ్లు తన మిరపకు మళ్లించుకున్నాడు. వచ్చేసరికి నా మడి నెర్రెలు బారింది. ఏడిళ్ల వాళ్ల ముందు బావి గట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. బేస్తవారం ఈ నీళ్లు ఎవడు ముట్టినా నా పీనుగను చూసినట్టే. వారం తిరగకుండా సూరత్ బండెక్కాను.

చెప్తూ చెప్తూ ఎటో పోయాను. నడుముకు బెండ్లు కట్టి నన్ను బావిలోకి తోసింది ఆ లస్మయ్యే. ఈత నేర్పింది వాడే. మోటార్ వేస్తే పైపు ముందు దగ్గేది, తర్వాత నీళ్లు. బురదలో పాదాలు. గట్టు మీద వాళ్లమ్మ వెంకటవ్వ ఇద్దరికీ ఒకే సద్ది విప్పేది. ఏడుపొచ్చింది. భజియా కారం అన్నాను. విజయశ్రీ నమ్మలేదు. నీ పంతం పాడుగాను, ఎవలన్న తన సావు మీద తనే ఒట్టేసుకుంటరా అంది.

మే 6

నూలు తార్ ఆరుసార్లు తెగింది. మనసు లూమ్ మీద లేదు.

మే 9, శుక్రవారం

లస్మయ్య కొడుకు సురేశ్ వీడియో కాల్ చేశాడు. చుట్టుపక్కల బావులన్నీ తిరిగి చూపించాడు. అన్నీ అడుగంటాయి. బోర్లు దుమ్ము పోస్తున్నాయట. మా బావిలో మాత్రం నీళ్లున్నాయి! మే నెలలో!

తర్వాత ఫోన్ వెంకటవ్వ పెద్దమ్మకిచ్చాడు. ఎనభై దాటింది. నీ ఒట్టుకు భయపడి బేస్తవారం ఎవ్వలు స్విచ్చు ముట్టలే బిడ్డా అంది. పందొమ్మిదేళ్లు. ఒక్క వారం కూడా తప్పలేదు. రెండుసార్లు లస్మయ్య మిరప కళ్ల ముందే వాడిపోయిందట. బేస్తవారం ఒక్క తడి పెడితే బతికేది. నేనే వద్దన్న, పోయిన పంట మల్ల వస్తది, నర్సింగం పోతె వస్తడా అని నా గురించి వాడికి చెప్పిందట.

వారానికొక్కనాడు ఊట ఊరింది, గందుకే మన బావి ఎండలే అంది. తాగే నీళ్లు కూడా ఇక దీనివేనట, రోజూ మోటార్ వేయాలట. ఒట్టు తియ్యకుంటె నీకేమన్న అయితదని లస్మయ్యకు భయం, గందుకే ఫోన్ చేసిండు అంది.

నేనేమో వాడు లాక్కుంటున్నాడనుకున్నాను. అక్కడ వాళ్లు వారం వారం నన్ను బతికిస్తున్నారు. సిగ్గేసింది.

మే 10, శనివారం

నేనే ఫోన్ చేశాను. బావి దగ్గరికి పొమ్మన్నాను. స్పీకర్ పెట్టి ఫోన్‌ను గట్టు మీద ఉంచాడు. ఒట్టు తీసి గట్టున పెట్టిన అని మూడుసార్లు అరిచాను. పక్క లూమ్ నరహరి నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. అవతల బావిలో పావురాలు లేచిన చప్పుడు. తర్వాత లస్మయ్య ముక్కు చీదాడు. అన్నా అని పిలిచాను. ఆ మాట అనక ఎన్నేళ్లయిందో.

సంతకం పెడతాను, ఒక్కటే అడుగుతున్నాను అన్నాను. నాకు తడపడానికి మడి లేదు. నా వంతు బావికే ఇస్తున్నాను. బుధవారం ట్యాంక్ నింపుకోండి, బేస్తవారం బావిని పడుకోనివ్వండి. ఇది ఒట్టు మాత్రం కాదు. గట్లనే తమ్మీ, ట్యాంకు గోడ మీద రాపిస్త అన్నాడు.

నవంబర్ 20, బేస్తవారం. ఉదయం 7.40

నిన్న ట్యాంక్ మొదటిసారి నిండింది. సురేశ్ ఫొటో పంపాడు.

ఇప్పుడే లేచాను. నాలుగింటికి లేవలేదని విజయశ్రీ భయపడి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.