పదహారు వేల దగ్గర తెగిన పాట

తమ్ముడూ,

చెప్పులు విప్పకుండా లోపలికి రా. నేలంతా గాజు పెంకులే. దొంగలు పడ్డారని పక్కింటివాళ్లని పిలవకు. నీ స్పీకర్లూ మానిటరూ సుత్తితో పగలగొట్టింది నేనే.

నాన్న వయొలిన్ ఫైళ్లు నేరుగా టేపుల నుంచి తీసినవేనని ఒట్టేశావు. ఇవాళ ఒక్కొక్కటీ, శబ్దం ఎంత పైస్థాయిదాకా ఉందో గీసి చూపే స్పెక్ట్రమ్‌లో పెట్టి చూశాను. పన్నెండింటిలో పదకొండు పదహారు వేల హెర్ట్జ్ దగ్గర కత్తితో తెగ్గోసినట్టు ఆగిపోయాయి. పైస్థాయి నాదమంతా పోయేలా ఎంపీత్రీలుగా కుదించేసి, మళ్లీ ఏదీ పోనివ్వని ఫ్లాక్‌లోకి మార్చి, సైజు పెరిగింది కదా అని నా చెవిలో పువ్వు పెట్టావు. టేపులేమో చెత్తబండిలో వేశావు. నువ్వు ఎదురుగా ఉండుంటే ఆ సుత్తి నీ నెత్తి మీదే పడేది. అందుకే నువ్వొచ్చేలోపు వెళ్లిపోతున్నాను.

అన్నం గిన్నె మీద మూత ఉంది. గాజు పడలేదు, తిను.

అక్క

పన్నెండోది మాత్రం అసలుదే, టేపు బుసతో సహా పైదాకా నిండుగా ఉంది. అందులో వయొలిన్ లేదు. తీగ తెంపావని నాన్న నిన్ను బెల్టుతో కొడుతుంటే, నేను అడ్డం పడి దెబ్బలు తినడం వినిపిస్తోంది. రికార్డరు ఆపడం ఎవరికీ గుర్తులేదు. అదొక్కటే చెక్కుచెదరకుండా దాచుకున్నావు. ఆ ఫైళ్లున్న హార్డ్ డిస్కు మీద సుత్తి ఎత్తి, కొట్టకుండా దించేశాను. డిస్కు నీ దిండు కింద పెట్టాను.