మధ్యలో అక్క

ప్రియమైన అక్కకి,

నీ ఫోన్ మోగీ మోగీ ఆగిపోతోంది. ఎనిమిది నెలల కిందట అన్నయ్య పోయాడన్న కబురు ఫోన్లోనే వచ్చింది కాబట్టి, అప్పటినుంచి నువ్వు దాన్ని ముట్టుకోవడం లేదని నాకు తెలుసు. అందుకే ఉత్తరం. లైబ్రరీలో పుస్తకాలు కుట్టి బైండు చేసేవాడి ఇంట్లో కాగితాలకేం కరువు.

ఆదివారం నేనూ మీ మరదలూ వెళ్ళి అన్నయ్య గది ఖాళీ చేశాం. ఇంటివాళ్ళు ఇన్నాళ్ళు ఆగడమే ఎక్కువ. ఒక మంచం, లిఫ్టులు బాగుచేసే సామాన్ల పెట్టె, నాలుగు చొక్కాలు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి గది ఇట్టే ఖాళీ అయిపోతుంది అక్కా. పొద్దున వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేశాం.

సొరుగు అడుగున ఒక కవరు దొరికింది. మీద 'ముగ్గురికి' అని అన్నయ్య చేతిరాత. లోపల మన బొంగురాయన బ్యాండు వాళ్ళ ఆఖరి షోకి మూడు టిక్కెట్లు. వచ్చే నెల పదహారు సాయంత్రం, మీ ఊరి స్టేడియంలోనే. బొంగురాయనకి అరవై రెండొచ్చాయట, దీని తర్వాత మైకు పట్టుకోనని చెప్పేశాడట. అన్నయ్య నిరుడే కొని, మనకి మాటమాత్రం చెప్పకుండా దాచిపెట్టాడు. పన్నెండో వరసలో పక్కపక్కన మూడు సీట్లు.

మనిద్దరం వెళ్దాం అక్కా. ఈ ఇరవై ఆరేళ్ళలో ఆయన మన వైపు వచ్చిన ప్రతిసారీ ముగ్గురం వెళ్ళాం. పద్నాలుగు సార్లు. ఆఖరిది మానేస్తే అన్నయ్య మనసు కష్టపడుతుంది. రెండో ఆల్బంలోని ఆ రైలు పాట, డ్రమ్ములతో మొదలవుతుందే, అది తప్పకుండా పాడతాడు. అన్నయ్యకి అదంటే ప్రాణం కదా.

వేళకి తింటున్నావా? వెంటనే రాయి.

నీ చిన్నోడు

*

ప్రియమైన చిన్నోడికి,

ఉత్తరం అందింది. తింటున్నాను.

గది ఖాళీ చేశారని చదివి బాధపడ్డాను అని రాయాలి. పడలేదు. నీ దగ్గర దాపరికం ఎందుకు, పెద్దోడు పోయిన రోజునుంచి ఈ రోజు దాకా నా కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. పాపం గుండె రాయి చేసుకుంది అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నేనేమీ చేసుకోలేదురా. పన్ను పీకే ముందు సూదిమందు ఇస్తే దవడ మొద్దుబారుతుంది చూడు, చెంప కొరుక్కున్నా తెలియదు, అలా ఉంది. ఆ మందు రెండు గంటల్లో దిగిపోతుంది. నాకు ఎనిమిది నెలలైంది.

ల్యాబులో పని నడుస్తోంది. కట్టుడు పళ్ళు చేయడానికి మనసుతో పనిలేదు. మైనం కరిగించడం, పళ్ళు పేర్చడం, గీకడం, అన్నీ చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటాను. తెల్లారితే మళ్ళీ వెళ్తాను.

ఆ షోకి నేను రాను. నాకేం పని అక్కడ? ఆ పిచ్చి మీ ఇద్దరిది. అమ్మ పోయి, నాన్న లారీ మీద తిరుగుతూ నెలకోసారి ఇంటికొచ్చే రోజుల్లో, పదకొండేళ్ళవాడొకడు, ఎనిమిదేళ్ళవాడొకడు, తీసుకెళ్ళు తీసుకెళ్ళు అని నా ప్రాణం తోడేశారు. జనంలో తప్పిపోతారని కాపలాకి వచ్చాను. మధ్యలో నిలబడి చెరో చెయ్యీ పట్టుకున్నాను. మీసాలొచ్చాకా ఆ కాపలా మానలేదు, అంతే. ఇప్పుడు ఎవరిని కాయాలి? నువ్వు నీ పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళు. మూడోది ఎవరికైనా ఇచ్చేయి.

అన్నట్టు, రైలు పాట రెండో ఆల్బంలోది కాదు, మూడోది. డ్రమ్ములతో మొదలవదు. బేస్ గిటార్ ఒక్కటే నాలుగు చుట్లు తిరిగాక డ్రమ్ములు అందుకుంటాయి. స్టేజీ మీదైతే ఎనిమిది చుట్లు. ఇరవై ఆరేళ్ళు వెళ్ళి ఇదా నువ్వు నేర్చుకున్నది! పెద్దోడూ అంతే, బేసుకీ లీడుకీ తేడా తెలియకుండానే పోయాడు.

మరదల్ని అడిగానని చెప్పు.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

రెండు వారాలు ఆగి రాస్తున్నాను.

మీ మరదలు శనివారం నీ దగ్గరికి వచ్చి వెళ్ళింది కదా. నువ్వు బాగానే మాట్లాడావని చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. తను వచ్చేసరికి పొయ్యి వెలుగుతోందట, మీద గిన్నె లేదట. పాత టేప్ రికార్డరు గోడ వైపు తిప్పి, దాని మీద దుప్పటి కప్పి ఉందట. నీ ఎడమ అరచేతిలో రూపాయి బిళ్ళంత బొబ్బ చూసి, ఎప్పుడు కాలింది వదినా అని అడిగితే, నువ్వు చెయ్యి తిప్పి చూసుకుని "కాలిందా?" అన్నావట. ఈ మాట చెప్పి తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఇంటికి వచ్చి ఉండమంటే రానంటావు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, నొప్పే లేనిదానికి డాక్టరెందుకు అంటావు. నాకు భయంగా ఉంది అక్కా. అన్నయ్యని ఒక్కరోజులో పోగొట్టుకున్నాను. నిన్ను రోజుకింత పోగొట్టుకుంటున్నాను. మనిషివి ఉండగానే.

నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. టిక్కెట్లు ఎవరికీ ఇవ్వలేదు. కవరు అలాగే ఉంది.

నీ చిన్నోడు

*

ప్రియమైన చిన్నోడికి,

మీ ఆవిడ చూసినవన్నీ నిజమే. పొయ్యి సంగతి ఇప్పుడు జాగ్రత్తగా చూసుకుంటున్నాను. కంగారు పడకండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎలాగూ నీకు తెలుస్తుంది. ల్యాబు యజమాని నన్ను నెలాఖరు దాకా ఇంట్లో ఉండమన్నాడు. ఆ తర్వాత పనిలో ఉంచుకునేదీ లేనిదీ అప్పుడు మాట్లాడుకుందాం అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఒక పెద్దాయనకి పై వరస పళ్ళు చేసి పంపాను. ఆయన పెట్టుకుని అద్దంలో చూసుకుని, పళ్ళ డాక్టరమ్మతో, బాగున్నాయమ్మా, కానీ ఇవి నావి కావు అన్నాడట. తీసి చూస్తే ముందు రెండు పళ్ళ మధ్యా సందు పెట్టాను. వెతికితే ఇంకో ఇద్దరివి కూడా అలాగే చేశానని బయటపడింది. ముగ్గురిలో ఎవరికీ సందు లేదు. అది పెద్దోడి నవ్వు. ఆ మూడు సెట్లూ బల్ల మీద పెట్టి యజమాని నా మొహంలోకి చూశాడు. నాకేమీ అనిపించలేదు. సరే సార్ అని సంచీ తీసుకుని వచ్చేశాను.

ఇరవై రెండేళ్ళ పని. పోతే పోతుంది.

నా మాట విని నువ్వు వెళ్ళు. అంత ఇష్టమైనవాడివి ఆఖరిది మానుకోకు. ఏమేం పాడతాడో ముందే రాస్తున్నాను, మళ్ళీ తప్పులు చెప్పకుండా ఉంటావు. మొదటిది 'మూడో అంతస్తు', ఎప్పుడూ అదే. తర్వాత రెండు కొత్తవి వస్తాయి, జనం కూర్చుంటారు. నాలుగోది 'తుప్పు', దాన్ని ఒక మెట్టు దించి పాడతాడు, గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచీ అంతే. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి మైకు జనం వైపు తిప్పేస్తాడు. అందరూ అది స్టైలనుకుంటారు. కాదు, అందదు పాపం. పాత డ్రమ్మర్ పోయినప్పటినుంచి 'ఉప్పునీళ్ళు' పాడడు, దాని కోసం ఎదురుచూడకు. ఆఖర్న లైట్లన్నీ ఆర్పేసి రైలు పాట.

ఇవన్నీ నాకెలా తెలుసంటావేమో. కాపలాదారుకి చూడటం తప్ప ఇంకేం పని ఉంటుంది?

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. పళ్ళ సంగతి తను రెండోసారి చదివించుకుంది. పాటల జాబితా దగ్గరికి వచ్చేసరికి మాత్రం తను నా వైపు అదోలా చూసి, "వదినగారికి ఇంకా చెప్పలేదా మీరు?" అంది.

చెప్పకూడదని అన్నయ్య చిన్నప్పుడే ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

అమ్మ పోయాక నువ్వు నాలుగు నెలలు నీ అంతట నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు అక్కా. వండావు, ఉతికావు, మా తలలు దువ్వావు, బడికి పంపావు. పిలిస్తే పలికావు. అంతే. ఇప్పుడెలా ఉన్నావో అలాగే ఉన్నావు. ఒకరోజు సాయంత్రం కింద సైకిలు షాపులో రేడియోలో బొంగురాయన పాట వచ్చింది. నువ్వు నీళ్ళ బకెట్టు పట్టుకుని మెట్ల మధ్యలో ఆగిపోయావు. పాట అయ్యేదాకా బకెట్టు దించలేదు. నీ పాదం మెట్టు మీద తాళం వేస్తోంది. పైనుంచి మేమిద్దరం చూశాం. అన్నయ్య నా చెవిలో, "అక్కకి ఈయనంటే ఇష్టంరా. తనకోసం తను ఎక్కడికీ వెళ్ళదు. మనకి ఇష్టమని చెబుదాం. నువ్వు ఏడు, నేను అలుగుతాను" అన్నాడు.

మూడు రోజులు ఏడ్చాను. ఏడవడం అన్నయ్యే నేర్పాడు.

మాకు బొంగురాయనంటే ఇష్టం లేదు అక్కా. ఎప్పుడూ లేదు. ఆ మోతకి నాకు మర్నాటిదాకా తలనొప్పి. అన్నయ్యకైతే నెమ్మదిగా సాగే పాటలు తప్ప పడవు. పద్నాలుగు సార్లూ ఇద్దరం చెవుల్లో దూది పెట్టుకునే వచ్చాం, అది కనపడకూడదని జుట్టు పెంచాం. నువ్వు జుట్టు కత్తిరించుకోమని తిట్టేదానివి. నువ్వు మా చేతులు పట్టుకున్నానని అనుకుంటున్నావు. జనం తోసేయకుండా నిన్ను మధ్యలో నిలబెట్టమని మొదటిరోజే అన్నయ్య నాకు చెప్పాడు. నువ్వు స్టేజీ వైపు చూసేదానివి. మేం నీ వైపు చూసేవాళ్ళం. ఇంటికొచ్చే దారి పొడుగునా నువ్వు ఆపకుండా మాట్లాడేదానివి, ఆ గిటార్ ఇలా, ఈ పాట అలా అని. ఆ మాటల కోసమే వెళ్ళేవాళ్ళం.

ఆ మూడు టిక్కెట్లూ అన్నయ్య తన కోసం కొనుక్కున్నవి కావు. పదహారున మధ్యాహ్నం మూడింటికి మీ వీధి చివర బస్టాపులో ఉంటాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఉంటాను.

నీ చిన్నోడు

*

చిన్నోడా,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు, అందుకే రాయలేదు.

ఎంతకి తెగించారురా మీరిద్దరూ! ఇరవై ఆరేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించారు. తమ్ముళ్ళ కోసం చెవులు చిల్లులు పడేలా నిలబడుతున్నానని ల్యాబులో ఎంతమందికి చెప్పుకున్నానో నీకు తెలుసా? వాళ్ళు అయ్యోపాపం అంటే గొప్పగా ఉండేది. నీ ఉత్తరం నలిపి అవతల పారేశాను. మళ్ళీ తీసుకుని చదివాను. మళ్ళీ పారేశాను. పక్కనున్న గాజు గ్లాసు కూడా విసిరాను, అది గోడకి తగిలి ముక్కలైంది. ముక్కలు ఏరుతుంటే తట్టింది, నాకు కోపం వచ్చిందని. ఈ ఎనిమిది నెలల్లో నాకు వచ్చింది అదొక్కటే. దాని వెనకే అరచెయ్యి సలపడం మొదలుపెట్టింది. మానుతున్న బొబ్బ ఇంత నొప్పి పెడుతుందని నాకు తెలియదు.

ఆ కోపంతోనే మర్నాడు ల్యాబుకి వెళ్ళాను. పనికి కాదు, ఒక ముద్ద మెత్త మైనం ఇవ్వమని అడిగాను. యజమాని ఏమీ అడక్కుండా నా బల్ల చూపించాడు. దూదేమిట్రా బుద్ధి లేకుండా, దూది చప్పుడుని ఆపుతుందా? మైనంతో చెవికి సరిపడా బిరడాలు చేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడదు. కొలతలు అడగాల్సిన పని లేదు. పోటు వచ్చినప్పుడల్లా మీ చెవుల్లో మందు చుక్కలు వేసింది నేనే కదా.

గంటసేపు తల ఎత్తకుండా చేశాను. నున్నగా గీకి, తడి గుడ్డతో తుడిచి, బల్ల మీద వరసగా పెట్టి చూసుకున్నాను. నాలుగున్నాయి. నీవి రెండు. పెద్దోడి చేట చెవులకి రెండు.

అక్కడే ఏడ్చానురా. యజమాని లేచి వచ్చి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. సాయంత్రం ల్యాబు మూసేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎవరూ లేవమనలేదు. పోయేటప్పుడు ఆయన, సోమవారం నుంచి రండమ్మా, అన్నాడు.

పదహారున మూడింటికి కాదు, రెండింటికే రా. గేటు దగ్గర జనం ఎక్కువుంటారు. మూడో టిక్కెట్టు ఎవరికీ ఇవ్వకు, మరదలికి కూడా. తను ఏమీ అనుకోదు. నేను మధ్య సీట్లో కూర్చుంటాను. నువ్వు కుడిపక్కన కూర్చో, ఎప్పుడూ ఉండే చోటే. మైనం చెవుల్లో పెట్టుకుని ఊరికే నా వైపు చూస్తూ ఉండు, నాకిప్పుడు ఎలాగూ తెలిసిపోయింది. పెద్దోడివి రెండూ నా సంచీలో ఉంటాయి.

వచ్చేటప్పుడు దారంతా మాట్లాడతాను. వినాలి మరి.

మీ ఇద్దరి అక్క