పులవని గోంగూర

రిఫా, బహ్రెయిన్
5-1-95

చిరంజీవి కన్నబాబుని అక్క సత్యకుమారి దీవించి రాయునది. నేను కులాసా. నువ్వూ, మరదలు లక్ష్మిప్రసన్నా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఎరువుల కొట్లో పనిచేసే తమ్ముణ్ణి పెట్టుకుని, ఇన్నేళ్ళలో ఒక్క సలహా కూడా అడగలేదు నేను. ఇవాళ అవసరం పడింది.

నేను పనిచేసే ఇంటి పెద్దాయన్ని మేమంతా బాబా అని పిలుస్తాం. ఆయనకి పిట్టలంటే ప్రాణం. పంజరాల కింద రాలిన గింజలన్నీ రోజూ ఊడ్చి, ఏసీ నీళ్ళు కారే చోట, వెనక గోడ మూలకి పోస్తుంటాను. అక్కడ మొక్కలు లేచాయిరా! ఆకు చూస్తే వేళ్ళు చాపిన చెయ్యిలా ఉంది. నాకు నోట్లో నీళ్ళూరాయి. పిట్టల గింజల్లో గోగు గింజలు కలిసినట్టున్నాయి. పుల్ల గోంగూరే!

ఒకటే లోటు. ఆకు నమిలితే పులుపు లేదు. చేదు, కాస్త వగరు. ఇక్కడి నేల ఉప్పు ఇసుక కదా, మొక్క తప్పు కాదనుకుంటాను. ఏ ఎరువు వేస్తే ఆకు పులుస్తుందో వెంటనే రాయి. నయీం అనే పేటలో నరసాయమ్మగారి గదిలో శుక్రవారం పూట మనవాళ్ళం, ఎడ్వర్డ్‌గారూ ముత్తెమ్మా అందరం కలిసి భోంచేస్తాం. గోంగూర పప్పు పెడతానని తొందరపడి అందరికీ చెప్పేశాను.

ఆశీర్వాదాలతో,
మీ అక్క

తాజా కలం: మట్టి ఎలా ఉందని నువ్వు అడుగుతావని నాలిక మీద వేసుకుని చూశాను. ఆకు కంటే మట్టే రుచిగా ఉంది.


రాజోలు
17-1-95

అక్కకి తమ్ముడు కన్నబాబు నమస్కరించి రాసుకునే సంగతులు.

నువ్వు అడగాల్సినవాణ్ణే అడిగావు. గంగరాజుగారు నన్ను కాటా దగ్గర నిలబెట్టారన్న మాటేగానీ, రైతులు చెవి పెట్టేది నా మాటకే. ఆయన కొట్టుకి ఓనరు, నేను కొట్టుకి బుర్ర.

ముందు నేల సంగతి. మేకల పెంట దొరికితే తెచ్చి, బాగా మాగబెట్టి వెయ్యి. పచ్చిది వేశావంటే వేరు మాడిపోతుంది. వేపపిండి దొరక్కపోతే వేపాకు నలిపి కలుపు. యూరియా జోలికి పోకు, ఆకు వెడల్పవుతుందిగానీ పస ఉండదు. బూడిద అసలే వద్దు, ఉప్పు నేలకి అది మంచిది కాదు. చేపలు కడిగిన నీళ్ళు మాత్రం పారబొయ్యకు.

ఇక పులుపు. నేల పులిస్తే వేరు పులుస్తుంది, వేరు పులిస్తే ఆకు పులుస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మజ్జిగ బాగా పులియబెట్టి మొక్క మొదట్లో పొయ్యి. అప్పటికీ లొంగకపోతే ఒక ఆకు కవర్లో పెట్టి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తాజా కలం: గంగరాజుగారితో అంటే, "పులవని గోంగూర నా సర్వీసులో చూడలేదు, అసలది గోంగూరేనా?" అన్నారు. వయసు మీద పడింది, పట్టించుకోకు.


రిఫా
3-3-95

చిరంజీవి కన్నబాబుకి అక్క దీవెనలు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బాబా చుట్టాల తోటనుంచి మేకల పెంట తెప్పించాను. రొయ్య తలకాయలు కడిగిన నీళ్ళు పోశాను. లబన్ అని ఇక్కడి మజ్జిగ, ఎండలో పెట్టి పులిసినాక మొదలు తడిపాను. మొక్కలు నన్ను దాటి గోడెక్కాయి. నీ చేతి చలవే.

పులుపు మాత్రం రాలేదు. దానికి తోడు ఒక కంపు మొదలైంది. బాబా ముక్కు మూసుకుని డ్రైనేజీ అంతా తవ్వించాడు. అందులో ఏమీ లేదు. ఆ కంపు నా గోంగూరదని చెప్పడానికి సిగ్గేసి, నేనూ ముక్కు మూసుకున్నాను.

వచ్చే శుక్రవారం పప్పు వండక తప్పదు. చింతపండు దట్టించి గట్టెక్కుతాను. ఆకు ఒకటి ఇందులో పెడుతున్నాను, నలుగురికీ చూపించి జబ్బేమిటో కనుక్కో.

ఉంటాను,
అక్క

తాజా కలం: తుబ్లీ అనే చోట వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసే బుల్లబ్బాయిగారని ఒకాయన మన శుక్రవారం భోజనాలకి వస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. దేనికైనా "ఊ" అంటాడు, అంతే. పప్పు వండుతున్నానంటే "ఊ" అన్నాడు. ఇష్టమో కష్టమో ఎవరికి ఎరుక?


రిఫా
11-3-95

ఒరే కన్నబాబూ,

దీవెనలు తర్వాత. నువ్వు నాచేత ఆ నేలలో ఏం వేయించావురా?

నిన్న నయీంలో నా పరువు పోయింది. ఆకు నూనెలో బాగా మగ్గబెట్టి, చింతపండు పోసి పప్పు చేశాను. అందరూ బాగుందన్నారు. తిన్న కాసేపటికి ఎడ్వర్డ్‌గారు తన బొటనవేలు చూసుకుని నవ్వడం మొదలెట్టాడు. ఫ్యాను తిరుగుతోందని ముత్తెమ్మ నవ్వింది. నవ్వితే మర్యాద పోతుందనుకునే నరసాయమ్మగారు నేల మీద పడుకుని, "నా చెప్పులు ఎటో బయల్దేరాయి, ఎవరన్నా ఆపండి" అని కేకలు. నాకేమో కంచం అంచు ఎంతో దూరంలో ఉన్నట్టుంది.

అప్పుడు లేచాడురా బుల్లబ్బాయిగారు. చేతులు జోడించి, అంతమందిలో, "సత్యకుమారిగారూ, మీకు ఇష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండి" అన్నాడు.

గది దద్దరిల్లింది. నేనూ నవ్వాను. ఆయన మొహం మీదే, పగలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోయాడు.

పొద్దున తెలివొచ్చాక తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయింది. మీ బావ పోయాక ఇన్నేళ్ళూ ఒకరి చేత మాట పడకుండా బతికాను. ఇప్పుడు నేను అన్నం పెట్టి పిచ్చెక్కించానని అనుకోరూ? పాపం ఆ మనిషి, ఏదో మైకంలో అన్న మాటకి అందరి మధ్యా నవ్వులపాలయ్యాడు. ఆయన మొహం చూడటానికి నాకు మొహం లేదు.

ఇదంతా ఆ ఎరువే. పెంట వల్లా, పులిసిన మజ్జిగ వల్లా? నిజం చెప్పు.

నీ అక్క

తాజా కలం: పప్పు మాత్రం అందరూ మారు వడ్డించుకున్నారు. నాకు మిగిలిన పరువు అదొక్కటే.


రాజోలు
15-3-95

అక్కా,

నీ మూడో తారీఖు ఉత్తరం, అందులోని ఆకు అందాయి. తల వంచుకుని రాస్తున్నాను.

ఆ ఆకుని కొట్లో బల్ల అద్దం కింద పెట్టాను. "బహ్రెయిన్ గోంగూర, ఎరువుల సలహా మాది" అని రంగు పెన్సిలుతో కూడా రాశాను. చూసినవాళ్ళు చూసినట్టు మెచ్చుకున్నారు. ఇవాళ కానిస్టేబుల్ ఒకాయన కొబ్బరి మొక్కలకి పొటాష్ కొనడానికి వచ్చి, అద్దం మీదికి వంగి, "కన్నబాబూ, ఈ గోంగూర నీకెక్కడిదిరా?" అన్నాడు. ఆయన ఏజెన్సీ కొండల్లో డ్యూటీ చేసొచ్చిన మనిషి. అలాంటి తోటలు కోయించినవాడు.

అదేమిటో ఆయన చెవిలో చెప్పగానే అద్దం ఎత్తి, ఆకు నోట్లో వేసుకుని మింగేశాను. ఆయన నవ్వలేక చచ్చాడు. "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నీకేమీ తెలీదని" అన్నాడు. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది. గంగరాజుగారు పొద్దుగూకేదాకా నన్నే చూస్తూ కూర్చున్నారు.

దాని పేరు ఉత్తరంలో రాయకూడదు. 'గం'తో మొదలై 'యి'తో ముగుస్తుంది. పీకెయ్యి. పప్పు వండకు. వండితే తినకు. తింటే ఇంకొకరికి పెట్టకు. పెడితే నాకు రాయకు. పరాయి దేశంలో నిన్ను జైల్లో వేస్తే నేనెవరికి చెప్పుకోను? పులిసిన మజ్జిగ పోయించింది నేనే కదా.

సిగ్గుతో,
కన్నబాబు

తాజా కలం: మధ్య అక్షరం రాస్తే దొరికిపోతామని రాయలేదు. నీకు తట్టకపోతే, అది 'జా'.


రిఫా
1-4-95

చిరంజీవి కన్నబాబుకి అక్క మనసారా దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాక రాత్రికి రాత్రే పీకి ఎక్కడన్నా పారేద్దామా అనిపించింది. చేతులు రాలేదు. నా మీద నమ్మకంతో ఇల్లంతా వదిలేసిన మనిషి, రేపు ఆయన మెడకి చుట్టుకుంటే? ముందు నా పెట్టె సర్దుకున్నాను. తర్వాత బాబా దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన అరబ్బీ ముక్కలతో అంతా చెప్పాను.

బాబా వెనక్కి వచ్చి మొక్కల్ని చూశాడు, పంజరాల్ని చూశాడు. అయిదు పూటలా నమాజు చేసే పెద్దాయన మొహం నల్లబడిపోయింది. "నా ఇంట్లోనా!" అని మాత్రం అన్నాడు. నన్ను పొమ్మంటాడనుకున్నాను. ఫోను చేసి పోలీసుల్లో పనిచేసే తన మేనల్లుణ్ణి పిలిపించాడు. ఆ అబ్బాయి గింజల డబ్బా వంపి, రకరకాల గింజల్లో దాని గింజ ఒకటి ఏరి చూపించాడు. అతనూ, వెంట వచ్చిన పోలీసులూ మొక్కలు వేళ్ళతో సహా పీకించి, రాసుకుని పట్టుకుపోయారు. వెళ్తూ ఆ అబ్బాయి, "తెలియని ఆకు వండకు అమ్మా" అని హిందీలో చెప్పాడు. నా కొడుకు వయసువాడి చేత ఆ మాట అనిపించుకున్నాను. బాబా నా పెట్టె చూసి, "ఖలాస్, లోపల పెట్టుకో. యల్లా, చాయ్ పెట్టు" అన్నాడు. యల్లా అంటే ఇక కానియ్యి అని.

శుక్రవారం నయీం వెళ్ళి అందరి ముందూ చెప్పి, క్షమించమన్నాను. నరసాయమ్మగారు, "నా చెప్పుల సంగతి ఇక ఎవరూ ఎత్తకపోతే క్షమించినట్టే" అంది.

బుల్లబ్బాయిగారు రాలేదు. ముత్తెమ్మని తోడు తీసుకుని తుబ్లీ వెళ్ళాను. వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, ఆయన చేతుల గ్రీజు కేసి చూస్తూ చెప్పాను. "ఆ రోజు మీరన్న మాట మీది కాదండి, ఆ ఆకుది. నా నవ్వూ నాది కాదు. మనసులో పెట్టుకోకండి."

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "ఆయ్, నేను పప్పు తినలేదండి. గోంగూర నాకు పడదండి, ఒళ్ళంతా దద్దుర్లెక్కుద్ది. పెరుగన్నం తిన్నానండి" అన్నాడు.

"మరి అంతమందిలో ఎలా అడిగారండీ?"

"అందరూ నవ్వుతున్నారు కదండీ. మీరు కాదన్నా ఆ నవ్వుల్లో కలిసిపోద్దనుకున్నానండి. ఇంకోనాడైతే నాకు ధైర్యం చాలదండి."

మత్తులో వాగాడని ఆయన మీద జాలిపడుతూ వచ్చాను. ఆ గదిలో తెలివిలో ఉన్నది ఆయనొక్కడే. ఆ కళ్ళలో నీళ్ళు నవ్వి నవ్వి వచ్చినవి కావు. నేను చేసిన పని ఇదీ అని అప్పుడు తెలిసింది. ముత్తెమ్మ పక్కకి తిరిగి ఇనప ముక్కలు లెక్కపెడుతున్నట్టు నటించింది.

"మళ్ళీ అడగండి. ఈసారి నవ్వను" అన్నాను.

ఆయన గొంతు సవరించుకుని, చేతులు జోడించి, అచ్చం ఆ రోజులాగే అడిగాడు. నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే సరేనన్నాను. ఈసారి ఆయనా నవ్వాడు.

ఇంత వయసులో తమ్ముడికి ఇలాంటి ఉత్తరం రాయడం నాకెంత సిగ్గుగా ఉందో నీకు తెలీదు. పుట్టింటి తరఫున పెద్దవాడివి నువ్వే. నీకు ఇష్టమేనని ఒక్క ముక్క రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
అక్క సత్యకుమారి

తాజా కలం: ఈ ఉత్తరం కవర్లో పెట్టకముందు ఆయన చేతికే ఇచ్చి చదవమన్నాను. చదివారా అని అడిగితే, "ఊ" అన్నాడు.