ఆ పాటకు నీ పేరు

కోపెన్‌హాగన్, 9 మార్చి 1972

అమ్మా, నేను కులాసా, దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోకు.

దక్షిణాఫ్రికా దాటిన తొమ్మిదేళ్ళకు నా పేరుతో మొదటి జాజ్ రికార్డు నిన్న పూర్తయింది. మీ చర్చి ఆడవాళ్ళు పాడే పాటను శాక్సఫోన్ మీద వాయించాను. డ్రమ్ములు వాయించే ప్రేబెన్ ఇక్కడివాడు, ఎంతకీ ఆ దరువు పట్టుబడలేదు. చివరికి టెలిఫోన్ డైరెక్టరీ ఒళ్ళో పెట్టుకుని, మీరు పాటల పుస్తకం మీద చరిచినట్టు చరిచి చూపించాను.

"ఇంతేనా? ఇటియ్యి!" అని లాక్కున్నాడు.

"ఇంతే, కానీ తప్పు కొడితే మా అమ్మ పాట ఆపి మరీ నీ వంక చూస్తుంది," అన్నాను.

వాడు పుల్లలు పక్కన పడేసి డైరెక్టరీ మీదే వాయించాడు. ఒక్కసారికే కుదిరింది. రికార్డులో ఉండేది అదే.

ఆ పాటకు నీ పేరు పెడదామనుకుంటున్నాను: 'నోమలంగా'. రికార్డు అట్ట అచ్చు వేయడానికి నెలాఖరుదాకా ఆగుతామన్నారు. నా పేరు పక్కన నీ పేరు చూసి, నేను దేశం దాటినప్పటిలా పోలీసులు మళ్ళీ ఇంటికొస్తారని భయమైతే మానేస్తాను. మొహమాటపడకుండా చెల్లి చేత వెంటనే రాయించు. దాని నర్సు పరీక్ష ఏమైంది? కప్పు కారడం ఆగిందా? కళ్ళద్దాలు మార్పించుకున్నావా?

చర్చిలో అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నీకంటే ముందు ఈ కార్డు చదివే పోలీసాయనకు కూడా. ఆయన కంగారుపడనక్కర్లేదు, నిషేధించడానికి ఆ పాటలో ఒక్క మాట కూడా లేదు.

నీ కొడుకు
జోలిలే