తాత ఒళ్ళో కూర్చోవచ్చా?

ల్యాబు డాక్టరమ్మగారికి,

నమస్కారం. ప్రోస్టేటు పెరిగిందని ఆపరేషన్ చేసి తీసిన ముక్కను మీ పరిశోధనకి వాడుకోమని పోయిన నెల సంతకం పెట్టిన పెద్దాయన భార్యని. పని మధ్యలో విసిగిస్తున్నానని ఏమీ అనుకోకండి.

ఆ రోజు మీరు చాలా ఓపిగ్గా చెప్పారు. "ఎప్పుడో పేల్చిన అణుబాంబుల వల్ల గాల్లో రేడియోకార్బన్ అని, కాస్త రేడియేషన్ ఉండే ఒక రకం కార్బన్ పెరిగిందండీ. తిండిలోంచి అది అందరి ఒంట్లోకీ చేరింది. ఈ ముక్కలో అదెంతుందో కొలిస్తే కణాలు ఎప్పుడు పుట్టాయో, పాతవి పోయి కొత్తవి ఎంత తొందరగా వస్తున్నాయో తెలుస్తుంది" అన్నారు. మావారి చెవికి మాత్రం బాంబు ఒక్కటే ఎక్కింది. "నా ఒంట్లో బాంబు ఉందటే!" అంటూ ఆనాటి నుంచీ కంచం, మంచం వేరు పెట్టుకున్నారు. మూడేళ్ళ మనవరాలు తాతా అని చేతులు చాస్తే గదిలోకి పోయి తలుపేసుకుంటున్నారు. అది గుమ్మంలో కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది.

"అందరికీ ఉండేదేనటండీ" అని ఎంత మొత్తుకున్నా నా మాట చెవిన పెట్టరు. డాక్టరు రాసిస్తేనే నమ్ముతారట. దయచేసి తేలిక మాటల్లో నాలుగు ముక్కలు రాసి పంపండి. పసిదాని ఒంట్లోనూ అది ఉంటుందని మాత్రం రాయకండి, బెంబేలెత్తిపోతారు.

ఇంకొక్క సంగతి. నిన్న మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పిల్ల మంచమెక్కి ఆయన గుండెల మీద పడుకుంది. చూసి సంతోషించాల్సినదాన్ని, ఒక్క పరుగున వెళ్ళి దాన్ని లాగేశాను.

మీ ఉత్తరం ఆయన ఒక్కరికే కాదు, నాకూ కలిపి రాయండి.